ప్రమాణం చెయ్ అన్నవాడి తల

మా చిత్తూరు కోర్టుల్లో ఒక కొట్లాటకు ఒకే కేసు ఉండటం అరుదు. రెండుంటాయి. గెనిమ కాడ జరిగిన గొడవ ఒకటే, దెబ్బలు తగిలిన పొద్దు ఒకటే, చూసినవాళ్లు కూడా చాలామటుకు వాళ్లే. కాయితాల్లో మాత్రం ఒకదాంట్లో ముద్దాయి అయినవాడు రెండోదాంట్లో ఫిర్యాదీ. వకీలు గుమాస్తాగా నా బతుకంతా ఇట్లాంటి జంట కట్టల మధ్యనే గడిచింది. మా కక్షిదారు కొట్టిన కేసు ఒక కట్ట, మా కక్షిదారును కొట్టిన కేసు ఇంకో కట్ట. వాయిదా రోజు ఒకదాని బదులు ఇంకొకటి పట్టుకుపోతే వకీలుగారి ముందర మన పని అయిపోయినట్టే.

ఎదురు కేసు ఎట్లా పుడుతుందో పల్లెల్లో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. బాయి వంతు దగ్గరో, మామిడి చెట్టు కొమ్మ పక్కోడి కయ్యలోకి వంగిన దగ్గరో మాట పెరుగుతుంది, చెయ్యి లేస్తుంది. కట్టె కింద పడకముందే ఊళ్లో పెద్దమనిషి ఒకాయన అంటాడు: "వాడు స్టేషనుకు పోకముందే మనం పోవాల." ఆలస్యమైతే రెండో దారి ఉంది. పెద్దాసుపత్రికి పోయి మంచమెక్కడం. డాక్టరు గాయాల సర్టిఫికెట్టు రాస్తాడు, పోలీసాయన వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు, ఎదురు కేసుకు నంబరు పడుతుంది. ఆ తర్వాత మా ఆఫీసు మెట్లెక్కి కక్షిదారు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: "సామీ, వాళ్లది వాళ్లు తీసుకుంటే మాది మేము తీసుకుంటాం." అంటే ఎదురు కేసు గెలవడానికి పెట్టింది కాదు, మార్చుకోవడానికి పెట్టింది. రాజీలో చెల్లే రూకన్నమాట.

నువ్వు తప్పు చేశావంటే, నువ్వు మాత్రం చెయ్యలేదా అనడం మనిషి నోటికి ఎప్పుడూ ఉన్నదే. మన పెద్దలు దాన్ని ఆపలేదు, దానికి వెల కట్టారు. ఎదుటివాడి మీద నింద వేసేవాడు, వెనక్కి తిప్పి వేసేవాడు, ప్రమాణం చెయ్ అని సవాలు చేసేవాడు, ఎవడైనా సరే ముందు తనదేదో పణంగా పెట్టాలన్నారు. ఆ సంగతి ధర్మశాస్త్రంలోనూ కనిపిస్తుంది, మా జిల్లా కాణిపాకం కోనేటి దగ్గరా కనిపిస్తుంది, తెల్లదొరల చట్టంలోనూ కనిపిస్తుంది. ఈ కాలపు సవాళ్లలోనే కనిపించడం లేదు.

ముందు శాస్త్రం చూద్దాం. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారకాండలో ప్రత్యభియోగానికి ఒక నియమం ఉంది. నీ మీద వచ్చిన అభియోగం తేల్చుకోకుండా, వేసినవాడి మీద తిరిగి అభియోగం వెయ్యరాదు. అప్పు తీర్చలేదని ఒకడు దావా వేస్తే, ముందు దానికి జవాబు చెప్పాలి. వాడు మా తాత పొలం కలుపుకున్నాడని అప్పుడే అడ్డం తిరగకూడదు. అయితే స్మృతికర్త లోకం తెలిసినవాడు. కలహంలో, సాహసంలో, అంటే తిట్లు, కొట్లాటలు, దౌర్జన్యాల కేసుల్లో ఎదురు అభియోగం వెయ్యవచ్చునని వెంటనే మినహాయింపు ఇచ్చాడు. కొట్లాటలో ఎవడు మొదలుపెట్టాడన్నదే అసలు ప్రశ్న కాబట్టి రెండు వైపులా వినక తప్పదు. ఆ పక్కనే ఇంకో మాట చెప్పాడు. వాది, ప్రతివాది ఇద్దరి దగ్గరా జామీనుదారుణ్ణి తీసుకోవాలన్నాడు. ఓడినవాడు సొమ్ము కట్టకపోతే కట్టే మనిషి ముందే సిద్ధంగా ఉండాలని.

ఈ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడు ఆరో విక్రమాదిత్యుడి కాలంవాడు. ఆ పుస్తకం తెలుగువాళ్లకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. 13వ శతాబ్దంలో, తిక్కనకు దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో పద్యాల్లో పెట్టాడు. తగువు ఎట్లా తీర్చాలో తెలుగులో చదువుకోవడానికి అప్పటినుంచే పుస్తకం ఉందన్నమాట.

సాక్షి లేడు, కాయితం లేదు, అనుభవం రుజువు లేదు. అప్పుడేం చెయ్యాలి? శాస్త్రం దివ్యాలు, అంటే దైవపరీక్షలు చెప్పింది. త్రాసు, నిప్పు, నీళ్లు, విషం, కోశం. మొదటి నాలుగూ పెద్ద అభియోగాలకు. కోశం సంగతి వేరు. ఉగ్రదేవతలకు పూజ చేసి, వాళ్లకు స్నానం చేయించిన నీళ్లు మూడు పుడిసిళ్లు తాగించి, 14 రోజులు చూడాలి. ఆ లోపల రాజువల్ల గానీ దైవంవల్ల గానీ ఘోరమైన ఆపద రాకపోతే వాడు నిర్దోషి.

దివ్యాలంటే ఇప్పుడు మనకు ఆ నిప్పూ విషమే గుర్తుకొస్తాయి. ఆ భయంలో ఒక ముఖ్యమైన షరతు మరిచిపోతాం. అభియోగం వేసినవాడు 'శీర్షకస్థుడు' అయితేనే పెద్ద దివ్యాలు పెట్టాలి. అంటే అవతలివాడు దివ్యంలో నెగ్గితే దండన నేను భరిస్తానని వాడు తల ఒగ్గాలి. ఇద్దరిలో ఒకరు దివ్యం చేస్తే రెండోవాడు తల పెట్టాలి. ఇద్దరూ దివ్యం చెయ్యడమన్నది లేదు, రాజద్రోహం, పాతకం లాంటి నిందల్లో తప్ప ఎవరూ తల పెట్టకుండా దివ్యం జరగడమన్నదీ లేదు. దివ్యాలను ఎవరూ మళ్లీ తెమ్మనరు, తేకూడదు కూడా. ఆ షరతులో ఉన్న న్యాయం మాత్రం పోగొట్టుకోదగ్గది కాదు.

ఇక కాణిపాకం. చిత్తూరు నుంచి 12 కిలోమీటర్ల లోపే, ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున ఉన్న వరసిద్ధి వినాయకుడి కథ మా వైపు అందరికీ తెలిసిందే. మూగ, చెవుడు, గుడ్డి అయిన ముగ్గురన్నదమ్ములు సేద్యం చేసుకుంటుంటే బాయి ఎండింది. లోతు చేయడానికి దిగితే పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది. ముగ్గురి అంగలోపాలూ పోయాయి. ఊరివాళ్లు కొట్టిన టెంకాయల నీళ్లు కాణి నేల మేర పారాయి. ఇప్పటికీ స్వామి ఆ బాయిలోనే ఉన్నాడు, చుట్టూ నీళ్లే. గుడి కట్టించింది మొదటి కులోత్తుంగ చోళుడని చెబుతారు. ఆయన తండ్రివైపు వేంగి చాళుక్యుడు, విజ్ఞానేశ్వరుడి ఏలిక ఆరో విక్రమాదిత్యుడికి జీవితాంతం పగవాడు. విక్రమాదిత్యుడి ఆస్థానకవి బిల్హణుడు కులోత్తుంగుణ్ణి చోళ సింహాసనం కాజేసినవాడిగానే రాశాడు. తగువులకు శాస్త్రం ఒక రాజు నీడన పుడితే, తగువులు తీర్చే గుడిని జనం ఆయన పగవాడి పేరు మీద చెప్పుకోవడం ఈ నేల చమత్కారం.

ఆ నది పేరు వెనక కూడా ఒక దొంగతనం కేసు ఉంది. భారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. అన్న ఆశ్రమంలో అన్న లేని వేళ లిఖితుడు పండ్లు కోసుకు తిన్నాడు. అడగకుండా తింటే దొంగతనమే, రాజు దగ్గరికి పోయి దండన అడగమన్నాడు అన్న. తమ్ముడు సుద్యుమ్న రాజు దగ్గరికి తనంతట తానే నడిచిపోయి తప్పు చెప్పుకున్నాడు. రాజు క్షమిస్తానన్నా ఒప్పుకోక చేతులు నరికించుకొని వచ్చాడు. అన్న చెప్పినట్టు బాహుదా నదిలో దిగి తర్పణం విడవబోతే చేతులు మొలిచాయి. మా వకీలాఫీసులో కూర్చుని ఈ కథ తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది. ఈ కాలం తమ్ముడైతే ఏమంటాడు? "నువ్వు మొన్న నా చెట్టు కాయలు తినలేదా?" అంటాడు. రెండు నంబర్లు పడతాయి. ఆ తమ్ముడి నోట ఎదురు మాట రాలేదు కాబట్టే అది పురాణమైంది.

కాణిపాకంలో ప్రమాణం చేసే పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. నింద పడ్డవాడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, నేను ఈ పని చెయ్యలేదని చెప్పాలి. అంతే. సాగదీసే మాటలుండవు. దొంగతనాలు, చేబదులు డబ్బు, ఆడబిడ్డ మీద వేసిన నింద, తాగుడు మానేస్తాననే మాట, అన్నీ అక్కడికే వస్తాయి. అబద్ధం చెప్పినవాణ్ణి స్వామి వదలడని నమ్మకం. ఆ నమ్మకానికి ఎంత బలమంటే, చాలా తగువులు కోనేటిదాకా పోకుండానే తీరుతాయి. బస్టాండులోనే, కొన్నిసార్లు బస్సెక్కకముందే, ఒకడు దిగొస్తాడు. "ఎందుకులే అన్నా, పదివేలు తగ్గించుకుని తీసుకో" అంటాడు.

అయితే ఊరి పద్ధతిలో కాణిపాకం పోదాం రా అన్నవాడికి ఒక బాధ్యత ఉండేది. వాడు ప్రమాణం చేస్తే నేను ఆ మాట ఇంక ఎత్తనని పెద్దల ముందు ముందే ఒప్పుకోవాలి. బయటికొచ్చి మళ్లీ అదే నింద వేస్తే ఊళ్లో వాడి మాటకు విలువుండదు. గంగమ్మ గుడి ముందు కర్పూరం ఆర్పించినా, బిడ్డ తల మీద చెయ్యి పెట్టించినా ఇదే లెక్క. ఒకడు ప్రమాణం చేస్తాడు, రెండోవాడు నోరు మూసుకుంటాడు. శాస్త్రం తల అన్నదాన్ని ఊరు మాట అంది.

దీన్నే తెల్లదొరలు చట్టంలోకి ఎక్కించారు. 1873 నాటి ఇండియన్ ఓత్స్ యాక్టులో 8 నుంచి 12 దాకా ఉన్న సెక్షన్లు ఇవే. ఒక కక్షి కోర్టులో ఇట్లా అనవచ్చు: ఎదుటి కక్షి ఫలానా తీరున, తమ మతంలో చెల్లే ప్రమాణం చేసి చెబితే నేను దానికి కట్టుబడతాను. కోర్టు ఎదుటివాణ్ణి అడుగుతుంది. చేస్తానంటే, కోర్టు బయట చెయ్యాల్సిన ప్రమాణమైతే కమిషనరును వేసి చేయిస్తుంది. అట్లా చెప్పిన సాక్ష్యం, కట్టుబడతానన్నవాడి మీద తిరుగులేని రుజువు. ఇక అప్పీలులో వాదించేందుకు ఏమీ మిగలదు. ఎదుటివాడు చెయ్యనంటే బలవంతం లేదు, చెయ్యనన్నాడని, ఎందుకన్నాడో కారణం చెబితే అదీ రాసుకుంటారు.

నేను పనిలో చేరేసరికి ఆ సెక్షన్లు పోయాయి. లా కమిషన్ తన 28వ నివేదికలో వద్దని చెప్పింది, 1969 ఓత్స్ యాక్టులో వాటికి చోటు దొరకలేదు. నాకు పని నేర్పిన పెద్ద గుమాస్తా మాత్రం వాటిని చూసినవాడు. ప్రోనోటు దావాల్లో ఇది ఎక్కువగా ఉండేదట. అప్పు తీర్చేశాను, నోటు వెనక్కివ్వలేదని ప్రతివాది అంటాడు. తీర్చలేదు, అబద్ధం ఆడుతున్నాడని వాది అంటాడు. రసీదు లేదు. ఇద్దరూ ఒకరినొకరు దొంగ అంటున్నారు. అప్పుడు ప్రతివాది వకీలు లేచి, వాది కాణిపాకం పోయి మునిగి డబ్బు ముట్టలేదని చెబితే డిక్రీకి ఒప్పుకుంటామంటాడు. "అబ్బయ్యా, ఆ మాట అనడానికి గుండె ఉండాల. వాడు పోయి మునిగితే మన ఇల్లు మునుగుతాది" అనేవాడు పెద్దాయన. సవాలు విసిరే ముందు వకీలు కక్షిదారు చేత సంతకం తీసుకోవాలని కూడా చెప్పేవాడు. సంతకం లేకుండా అంటే రేపు దావా పోయాక వకీలు మీదకే వస్తారు.

ఆ సెక్షన్లు తీసెయ్యడం మంచిదే అయ్యుండొచ్చు. భయస్థుడు నిజమున్నా మునగలేడు, మొండివాడు అబద్ధమున్నా మునుగుతాడు. న్యాయం గుండెధైర్యం మీద ఆధారపడకూడదు. నా బాధల్లా ఆ చట్టంతోపాటు సవాలుకు ఉన్న వెల కూడా పోవడం.

కొట్లాట కేసుల్లో ఆ వెల ఇంకా కొంత మిగిలే ఉంది. ఎదురు కేసుల్ని ఒకే జడ్జి వినాలన్న నియమం మనకు మదరాసు హైకోర్టు నుంచి వచ్చింది. 1929లో గోరిపర్తి కృష్టమ్మ కేసులో ఆ మాట స్పష్టంగా చెప్పారు. ఒకే గొడవలో పుట్టిన కేసు, ఎదురు కేసు వీలైనంతవరకు ఒకే కోర్టులో విచారించాలన్నారు. 1990లో నథీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా విడమర్చింది. ఒకదాని సాక్ష్యం, వాదన ముగించి తీర్పు చెప్పకుండా ఆపాలి, రెండోది కూడా అట్లాగే విని, రెండు తీర్పులూ ఒకదాని వెంట ఒకటి చెప్పాలి. ఒకదాని సాక్ష్యాన్ని రెండోదాంట్లో కలపరాదు. దీనివల్ల ఇటు బాధితుడు, అటు బాధితుడు అని రెండు కోర్టుల్లో రెండు కథలు చెప్పి గెలిచే దారి మూసుకుపోయింది.

పోలీసుల బైండోవర్ కూడా అదే తీరు. గొడవ రేగేట్టుంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 107 కింద రెండు వర్గాలవాళ్లనూ తహసీల్దారు ముందుకు పిలిచి, ఏడాది వరకు శాంతి తప్పమని పూచీకత్తు రాయించుకునేవాళ్లు. ఇప్పుడు కొత్త సంహితలో నంబరు మారింది, పని మారలేదు. ఫ్యాక్షన్ రోజుల్లో మా ఆఫీసు ముందు రెండు జట్లవాళ్లూ ఒకే టీకొట్లో చెరో బెంచీ మీద కూర్చుని ఈ బాండ్లు రాయించుకుని పోయేవాళ్లు. ఇద్దరి దగ్గరా జామీను తీసుకో అన్న యాజ్ఞవల్క్యుడు ఆ టీకొట్లో ఉన్నా ఆశ్చర్యపోడు.

ఎన్నికల చట్టం ఇంకా గట్టిది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 97వ సెక్షను ప్రత్యారోపణ గురించే. ఓడినవాడు పిటిషను వేసి, గెలిచినవాడి ఎన్నిక రద్దు చెయ్యడమే కాకుండా ఆ సీటు నాకిమ్మని కూడా అడిగితే, గెలిచినవాడు తిరగబడి అవతలివాడే తప్పులు చేశాడని రుజువు చూపవచ్చు. కానీ ఊరికే నోటిమాటగా కాదు. విచారణ మొదలైన 14 రోజుల్లోపు హైకోర్టుకు నోటీసు ఇవ్వాలి. పిటిషనరు కట్టినట్టే తానూ జామీను సొమ్ము కట్టాలి. జబర్ సింగ్–గెందాలాల్ కేసులో సుప్రీంకోర్టు, ఈ నోటీసు ఇవ్వనివాడు పిటిషనరు ఓట్లను తప్పుపట్టలేడని తేల్చింది. సభల్లో నువ్వు దొంగంటే నువ్వు దొంగ అనడానికి గడువూ లేదు, డిపాజిట్టూ లేదు. అదే మనుషులు కోర్టులోకి వస్తే రెండూ ఉంటాయి.

దేవుళ్ల తగువుకూ మా వైపు హద్దు ఉంది. వైకుంఠ ఏకాదశి తర్వాత ఆరో రోజున తిరుమలలో ప్రణయకలహోత్సవం జరుగుతుంది. మలయప్పస్వామి ఒక దిక్కు నుంచి, శ్రీదేవి, భూదేవి ఎదురు దిక్కు నుంచి పల్లకీల్లో వచ్చి వరాహస్వామి గుడి దగ్గర ఎదురుపడతారు. అమ్మవార్ల తరఫున జీయంగార్లు నిందాస్తుతిగా ఆళ్వార్ల పాశురాలు వినిపిస్తారు. అమ్మవార్లు మూడుసార్లు పూబంతులు విసురుతారు, స్వామి బెదిరినట్టు వెనక్కి తగ్గుతాడు. ఆ తర్వాత స్వామి బతిమాలుకోవడం, అమ్మవార్లు శాంతించి ఇరుపక్కలా చేరడం, హారతి. నాలుగోసారి పూబంతి విసరడమన్నది ఉండదు. ఎన్నిసార్లు కొట్టాలో, ఎక్కడ ఆపాలో, ఎవరు దిగిరావాలో అన్నీ ముందే రాసిపెట్టి ఉన్నాయి.

మరి ఇప్పుడు? టీవీ పెట్టగానే ఒకాయన అంటాడు: "దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం." అవతలాయన ఇంకో గుడి పేరు చెబుతాడు. చాలాసార్లు ఇద్దరూ పోరు. పోయినప్పుడు ఏమవుతుందో చూద్దాం. 2020 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు వినాయకుడి గుడికి అప్పటి అనపర్తి ఎమ్మెల్యే సత్తి సూర్యనారాయణరెడ్డి, మాజీ ఎమ్మెల్యే నల్లమిల్లి రామకృష్ణారెడ్డి ఇద్దరూ వచ్చారు, అవినీతి ఆరోపణల మీద ఇద్దరూ ప్రమాణం చేశారు. 2023 ఏప్రిల్‌లో ఈటల రాజేందర్ చేసిన ఆరోపణకు జవాబుగా రేవంత్ రెడ్డి చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి గుడిలో ప్రమాణం చేశారు. ఆరోపణ చేసినాయన రాలేదు. వీళ్లలో ఎవరిది నిజమన్నది నా పని కాదు. పాత గుమాస్తాగా నాకు కనిపించేది పద్ధతిలోని లోపం. మొదటిదాంట్లో ఇద్దరూ ప్రమాణం చేశారు, తల పెట్టినవాడు లేడు. రెండోదాంట్లో ఒకరు ప్రమాణం చేశారు, దానికి కట్టుబడతానని ముందు ఒప్పుకున్నవాడు లేడు. ప్రమాణమైన మర్నాడు ఆరోపణ ఎక్కడిది అక్కడే ఉంటే, ఆ ప్రమాణం కెమెరాల కోసం జరిగినట్టే. ధైర్యంగా చేసినవాడికి దక్కిందీ లేదు, సవాలు చేసినవాడు పోగొట్టుకున్నదీ లేదు.

నమ్మకం ఉన్నవాడైనా, లేనివాడైనా ఈ లెక్క ఒప్పుకోవచ్చు. దేవుడు చూస్తాడో చూడడో పక్కన పెట్టండి. సవాలు చేసినవాడికి నష్టం ఉంటే వాడు ఆలోచించి అంటాడు, నష్టం లేకపోతే పొద్దుటికొకటి అంటాడు. కాబట్టి ఇంకోసారి ఎవరైనా మైకు పట్టుకుని ప్రమాణం చెయ్ అంటే, అవతలివాడు వస్తాడా రాడా అని చూడబోకండి. అన్నవాణ్ణే అడగండి: ఆయన చేస్తే నువ్వేం వదులుకుంటావు? పదవా, సీటా, కనీసం ఆ మాటా? తెల్లకాయితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే అది ఉత్త తిట్టు కింద జమ.